శత్రు రాజ్యాలతో సంప్రదింపులు: నాయకుడి అనుభవం, బలం – పెనుకొండ చరిత్ర ఆధారంగా ఒక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• శత్రు రాజ్యాలతో జరిపే సంప్రదింపులలో అనుభవానికి, బలానికి ఉన్న పాత్రను వివరించగలుగుతారు.
• అళియ రామరాయలు, తిరుమలరాయలు, మొదటి శ్రీరంగరాయలు, రెండవ వెంకటపతిరాయలు అనుసరించిన దౌత్య విధానాలను పోల్చగలుగుతారు.
• పెనుకొండ ముట్టడుల గురించిన ఆధారాలను విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.
• ఈ చారిత్రక అనుభవాన్ని ఆధునిక కాలపు ఉదాహరణలతో అన్వయించగలుగుతారు.

1. పరిచయం

ఎన్నికల సమయంలో మీరు ఒక మాట తరచుగా వింటారు. "పొరుగు దేశం మనపై పగబట్టి ఉంది. దానితో మాట్లాడాలంటే అనుభవం ఉన్న నాయకుడు కావాలి, గట్టి నాయకుడు కావాలి" అని ఒకరంటారు. "అనుభవం ఉన్నవాళ్ళే కదా ఇన్నాళ్ళూ ఈ పరిస్థితి తెచ్చింది" అని మరొకరంటారు. రెండు వాదాలలోనూ కొంత నిజం ఉంది. అయితే ఈ ప్రశ్నను అభిప్రాయాల మీద కాక, జరిగిన సంఘటనల మీద ఆధారపడి పరిశీలించడం చరిత్ర విద్యార్థిగా మీ పని.

అందుకు మీరు దూర దేశాలకు పోనవసరం లేదు. కదిరి, హిందూపురం, ధర్మవరం ప్రాంతాలలో ఉండి ఈ పాఠం చదువుతున్నవారికి పెనుకొండ కోట తెలిసినదే. నేడు ఈ నాలుగు పట్టణాలూ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. 1565 తరువాత కొన్ని దశాబ్దాల పాటు పెనుకొండ విజయనగర రాజ్యానికి రాజధాని. ఆ కాలంలో శత్రు సైన్యాలు ఈ కొండ కిందికి మూడుసార్లు వచ్చాయి. మూడుసార్లూ కోట చేజారలేదు. అంతకు ముందు ఇదే రాజవంశానికి చెందిన ఒక నాయకుడు, తన కాలంలో దక్కన్‌లోనే అత్యంత అనుభవశాలి, అత్యంత బలవంతుడు, ఒక్క యుద్ధంలో ప్రాణాన్నీ రాజధానినీ పోగొట్టుకున్నాడు. ఎక్కువ బలం ఉన్నవాడు ఎందుకు ఓడిపోయాడు? తక్కువ బలం ఉన్నవారు ఎలా నిలిచారు? ఈ పాఠం పరిశీలించే ప్రశ్న ఇదే.

2. అనుభవం, బలం: ఈ పదాల అర్థం

ముందుగా ఈ రెండు పదాలను స్పష్టం చేసుకుందాం.

అనుభవం అంటే ఎక్కువ కాలం పదవిలో ఉండటం మాత్రమే కాదు. ఎదుటి రాజ్యం దేనికి భయపడుతుంది, దేనికి ఆశపడుతుంది, ఎవరి మాట అక్కడ చెల్లుతుంది అన్న సంగతులు తెలిసి ఉండటం అనుభవం. ఇలాంటి అనుభవంలో ఒక ప్రమాదం కూడా ఉంది. ఒక పద్ధతి పదిసార్లు ఫలిస్తే పదకొండోసారి కూడా ఫలిస్తుందని నమ్మే అలవాటు పడుతుంది.

బలం అంటే సైన్యం ఒక్కటే కాదు. కోటలో ధాన్యం, చెరువులో నీరు, ఖజానాలో సొమ్ము, సామంతుల ఐకమత్యం, ఇచ్చిన మాటకు విలువ – ఇవన్నీ బలంలో భాగాలు. సంప్రదింపులలో అన్నిటికంటె అక్కరకు వచ్చే బలం వేచి ఉండగల శక్తి. "ఈ రోజే ఒప్పుకోకపోతే నాకు దిక్కులేదు" అనే స్థితిలో ఉన్న రాయబారి చేసేది విన్నపం. "మరో మూడు నెలలు నిలవగలను" అనే స్థితిలో ఉన్న రాయబారి చేసేది సంప్రదింపు.

3. అళియ రామరాయలు: అనుభవమూ బలమూ ఉన్న నాయకుడు

అళియ రామరాయలు శ్రీకృష్ణదేవరాయల అల్లుడు. కన్నడంలో 'అళియ' అంటే అల్లుడు. యౌవనంలో ఆయన గోల్కొండ సుల్తాన్ కులీ కుతుబ్ షా కొలువులో పనిచేశాడని గోల్కొండ చరిత్ర తెలుపుతుంది. అంటే శత్రువుల ఆస్థానాన్ని లోపలినుంచి చూసినవాడు. 1542లో అచ్యుతరాయలు మరణించిన తరువాత జరిగిన వారసత్వ కలహంలో గెలిచి, సదాశివరాయలను సింహాసనంపై ఉంచి, దాదాపు ఇరవై రెండేళ్ళు రాజ్యాధికారాన్ని తన చేతిలో ఉంచుకున్నాడు.

ఆయన విధానాన్ని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: బీజాపూర్, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదర్ సుల్తానులు ఎన్నటికీ ఒకటి కాకూడదు. అందుకోసం ఒకసారి ఒకరితో, మరొకసారి ఇంకొకరితో చేతులు కలిపాడు. మొదట అహ్మద్‌నగర్‌తో కలిసి బీజాపూర్‌పై ఒత్తిడి తెచ్చి, 1552లో రాయచూరు, ముద్గల్ కోటలను రాబట్టుకున్నాడు. తరువాత బీజాపూర్, గోల్కొండలతో కలిసి అహ్మద్‌నగర్‌పైకి దండెత్తి, కల్యాణి కోటను బీజాపూర్‌కు ఇప్పించాడు. సుల్తానులు తమ తగవులు తీర్చమని ఆయనను ఆశ్రయించే స్థితి వచ్చింది.

గోల్కొండ రాకుమారుడు ఇబ్రహీం అన్నకు భయపడి పారిపోయి వచ్చినప్పుడు రామరాయలు ఏడేళ్ళు ఆశ్రయమిచ్చాడు. ఈ ఇబ్రహీం కుతుబ్ షానే తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానము'ను ఆయనకే అంకితమిచ్చాడు. బీజాపూర్ సుల్తాన్ అలీ ఆదిల్ షా విషయంలోనూ ఇలాంటి అనుబంధమే కనిపిస్తుంది. రామరాయల కుమారుడు మరణించినప్పుడు ఆదిల్ షా స్వయంగా విజయనగరానికి వచ్చి పరామర్శించాడు. రామరాయల భార్య ఆయనను కుమారుడిగా భావించిందని ఫెరిస్తా రాశాడు.

ఇంత అనుభవం, ఇంత బలం, ఇన్ని అనుబంధాలు ఉండి కూడా ఏం జరిగింది? ఆదిల్ షా పరామర్శ ముగించుకుని వెళ్ళేటప్పుడు రామరాయలు మర్యాదకు ఊరి బయటిదాకా సాగనంపలేదని, దానిని ఆదిల్ షా మనసులో పెట్టుకున్నాడని ఫెరిస్తా చెబుతాడు. ఓడిపోయిన అహ్మద్‌నగర్ సుల్తాన్ హుసేన్ నిజాం షా రామరాయల శిబిరానికి స్వయంగా వచ్చి తాంబూలం అందుకోవలసి వచ్చింది. గోల్కొండ కూడా కోటలను వదులుకోవలసి వచ్చింది. ఇలా ఒక్కొక్క సుల్తానుకు ఒక్కొక్క గాయం మిగిలింది.

1564 నాటికి హుసేన్ నిజాం షా తన కుమార్తె చాంద్ బీబీని ఆదిల్ షాకు ఇచ్చి, షోలాపూర్ కోటను కట్నంగా ఇచ్చాడు. ఆదిల్ షా చెల్లెలిని హుసేన్ కుమారుడికి ఇచ్చారు. ఈ రెండు పెళ్ళిళ్ళతో రామరాయల ఇరవై ఏళ్ళ విధానానికి పునాది కదిలిపోయింది. ఆదిల్ షా రాయబారిని పంపి రాయచూరు, ముద్గల్ తదితర కోటలను తిరిగి ఇమ్మని అడిగాడు. రామరాయలు ఆ రాయబారిని వెళ్ళగొట్టాడు. 1565 జనవరి 23న కృష్ణానదికి దక్షిణాన జరిగిన యుద్ధంలో (దీనినే తళ్ళికోట యుద్ధం, రక్కసి–తంగడి యుద్ధం అంటారు) వృద్ధుడైన రామరాయలు పట్టుబడి హతమయ్యాడు. ఆయన ఏడేళ్ళు ఆశ్రయమిచ్చిన ఇబ్రహీం కుతుబ్ షా కూడా ఎదుటి పక్షంలోనే ఉన్నాడు.

ఇక్కడ మీరు రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఈ యుద్ధాన్ని కేవలం మతాల మధ్య యుద్ధంగా చెప్పడం సరికాదు. రామరాయల సైన్యంలో ముస్లిం సేనానులు ఉన్నారు. అంతకు ముందు ఇరవై ఏళ్ళలో ప్రతి యుద్ధంలోనూ ఏదో ఒక సుల్తాను ఆయన పక్షాన ఉన్నాడు. కోటలు, రాబడి, పరువు – ఈ మూడింటి కోసం జరిగిన దక్కన్ రాజకీయాల కొనసాగింపుగా రిచర్డ్ ఈటన్ వంటి చరిత్రకారులు దీనిని చూశారు. రెండవది, రామరాయలను ఓడించినది అనుభవలేమి కాదు. ఆయన అనుభవమే ఆయనకు తప్పుడు భరోసా ఇచ్చింది. ఇరవై ఏళ్ళలో సుల్తానులు ఒక్కసారీ కలిసి నిలవలేదు కనుక ఇకముందు కూడా కలవరని ఆయన లెక్క. తాను పెట్టిన ఒత్తిడే వారిని కలుపుతుందన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

4. తిరుమలరాయలు: ఓటమి తరువాత పెనుకొండ

యుద్ధభూమినుంచి బయటపడిన రామరాయల తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను, ఖజానాను తీసుకుని పెనుకొండ చేరాడు. మధ్యలో విజయనగరాన్ని మళ్ళీ నిలబెట్టాలని ప్రయత్నించాడు. 1567లో అక్కడ ఏడు నెలలు గడిపిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ ఈ ప్రయత్నాన్ని నమోదు చేశాడు. గుర్రాలు తెస్తే మంచి ధర ఇస్తానని తిరుమలరాయలు గోవా వర్తకులకు కబురు పంపాడు. వారు తెచ్చారు. గుర్రాలను తీసుకుని, వర్తకులను మాత్రం ఏమీ ఇవ్వకుండా పంపివేశాడని ఫ్రెడరిక్ రాశాడు. ఇది చిన్న సంఘటనలా కనిపించవచ్చు. కాని గుర్రాలు దొరకకపోతే సైన్యం లేని కాలమది. సొమ్ము లేకపోవడం ఒక బలహీనత అయితే, మాట పోవడం దానికి తోడైన మరో బలహీనత.

చివరికి ఆయన పెనుకొండనే రాజధానిగా స్థిరపరిచాడు. ఈ ఎంపికకు కారణం కొండ ఎత్తు, గోడల మందం మాత్రమే కాదు. విజయనగర రాజ్యం తొలినాళ్ళనుంచీ పెనుకొండ ముఖ్యమైన పాలనా కేంద్రం. పెన్నానది నీటిని కాలువ ద్వారా సిరువేరు చెరువుకు తెచ్చి, పెనుకొండకు నీటి వసతి కల్పించమని బుక్కరాయలు జలసూత్ర నిపుణుడైన సింగాయ భట్టును నియమించినట్లు 1388 నాటి శాసనం తెలుపుతుంది. నీరు దొరకడం కష్టమైన ఈ సీమలో ఇలాంటి పని ఎంత విలువైనదో మీకు వేరే చెప్పనవసరం లేదు. దాదాపు 180 ఏళ్ళ తరువాత పెనుకొండ రాజధాని అయినప్పుడు ఇలాంటి ఏర్పాట్లే దానికి ఆధారమయ్యాయి.

తిరుమలరాయలకు తొలి పరీక్ష సొంత ఇంటినుంచే వచ్చింది. రామరాయల కుమారుడు పినతండ్రి అధికారాన్ని ఒప్పుకోక, అలీ ఆదిల్ షా సహాయం కోరాడు. బీజాపూర్ సైన్యం పెనుకొండ మీదికి వచ్చింది. తిరుమలరాయలు అప్పుడు అహ్మద్‌నగర్‌ను ఆశ్రయించాడు. నిజాంషాహీ సైన్యం బీజాపూర్ రాజ్యంపైకి కదలగానే ఆదిల్ షా పెనుకొండను వదిలి తన రాజ్యాన్ని కాపాడుకోవడానికి తిరిగిపోయాడు. ఆ తరువాత తిరుమలరాయలు అహ్మద్‌నగర్, గోల్కొండలతో కలిసి బీజాపూర్ పైకి సైన్యాన్ని పంపాడు.

ఇది ఎంత విచిత్రమో చూడండి. రెండు మూడేళ్ళ క్రితం తన అన్నను చంపిన కూటమిలోని రెండు రాజ్యాలతో ఆయన చేతులు కలిపాడు. పగ తీర్చుకోవడం కంటె రాజ్యం నిలవడం ముఖ్యమనుకున్నాడు. సుల్తానులను విడదీసే విద్య అన్నదే. తేడా ఎక్కడుందంటే, తిరుమలరాయలు ఎవరినీ తన శిబిరానికి రప్పించి తలవంచమని అడగగల స్థితిలో లేడు. ఆ బలహీనత వల్ల ఒక మేలు కూడా జరిగింది: ఆయనకు వ్యతిరేకంగా అందరూ ఏకం కావలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
(అ) రామరాయల దౌత్యానికి మూల సూత్రం ఏమిటి? అది ఎందుకు విఫలమైంది?
(ఆ) గోవా గుర్రపు వర్తకుల సంఘటన తిరుమలరాయల బలం గురించి ఏమి తెలుపుతుంది?

5. 1576 ముట్టడి: కోట లోపల చెన్నప్ప, బయట శ్రీరంగరాయలు

తిరుమలరాయల తరువాత ఆయన కుమారుడు మొదటి శ్రీరంగరాయలు పెనుకొండలో రాజయ్యాడు. 1576లో అలీ ఆదిల్ షా మళ్ళీ వచ్చి కోటను ముట్టడించాడు. శ్రీరంగరాయలు ఖజానాతో చంద్రగిరికి వెళ్ళి, కోట రక్షణను చెన్నప్ప అనే సేనానికి అప్పగించాడు. రాజు కోట విడిచి వెళ్ళడం పిరికితనమా? అప్పటి పరిస్థితిని ఆలోచించండి. రాజు, ఖజానా రెండూ ముట్టడిలో చిక్కితే కోట పడిన రోజే రాజ్యమూ పడుతుంది. రాజు బయట ఉంటే మిత్రులకు కబురు పంపవచ్చు, సొమ్ము వెదజల్లవచ్చు, కొత్త దళాలను కూర్చవచ్చు.

జరిగింది అదే. కోట మూడు నెలలు నిలిచింది. ఆ వ్యవధిలో శ్రీరంగరాయలు ఆదిల్ షా పక్షాన పనిచేస్తున్న ఒక హిందూ నాయకుణ్ణి తనవైపు తిప్పుకున్నాడు. డిసెంబరు 21న జరిగిన పోరులో బీజాపూర్ సైన్యం దెబ్బతిని ముట్టడి విరమించింది. రహస్యంగా సొమ్ముతో సాగించిన సంప్రదింపు, బహిరంగంగా కత్తితో సాగించిన పోరు, ఈ రెండూ ఇక్కడ కలిసి పనిచేశాయి. చెన్నప్ప గోడల మీద నిలవకపోతే ఆ నాయకుడు ఓడిపోయే పక్షానికి మారేవాడు కాడు. శ్రీరంగరాయలు బయట పావులు కదపకపోతే చెన్నప్ప ఎంతో కాలం నిలిచేవాడు కాడు.

అయితే ఈ విజయం శాశ్వత శాంతిని తేలేదు. 1579లో ఈసారి గోల్కొండ సైన్యం తూర్పు సీమలపైకి వచ్చింది. అహోబిల క్షేత్రం దోపిడికి గురైంది. కొండవీడు చేజారింది. పశ్చిమాన ఒక శత్రువును ఆపిన రాజు తూర్పున మరొకరిని ఆపలేకపోయాడు. ఆయన బలానికి ఉన్న హద్దు అదే.

6. వెంకటపతిరాయలు: మూడు రోజుల విరామం

1586 ప్రాంతంలో శ్రీరంగరాయల తమ్ముడు రెండవ వెంకటపతిరాయలు సింహాసనం ఎక్కాడు. ఆయన కొత్తగా వచ్చినవాడు కాడు. తండ్రి కాలంనుంచే చంద్రగిరి కేంద్రంగా తమిళ సీమను పాలించినవాడు. కొన్నేళ్ళలోనే గోల్కొండ సుల్తాన్ మహమ్మద్ కులీ కుతుబ్ షా (హైదరాబాదు నగర నిర్మాత) సైన్యంతో దక్షిణానికి వచ్చాడు. నంద్యాల, గండికోటలు అతని వశమయ్యాయి. ఆపై పెనుకొండను చుట్టుముట్టాడు.

గోల్కొండ ఆస్థాన చరిత్ర ప్రకారం, ఇరుకున పడిన వెంకటపతిరాయలు సంధి కోసం తన మంత్రిని, ఒక సేనానిని సుల్తాను శిబిరానికి పంపాడు. సుల్తాను పోరు ఆపి సైన్యాన్ని వెనక్కి జరిపించాడు. ఆ విరామంలో కోటలోకి ధాన్యం, మందుగుండు చేరాయి. మూడు రోజులలో జగదేవరాయలు మరికొందరు నాయకులతో కలిసి కోటలో ప్రవేశించాడు. వారి వెంట 30,000 మంది తుపాకీదారులు ఉన్నారని ఆ చరిత్ర చెబుతుంది. తిరిగి ముట్టడి మొదలయ్యే సరికి కోట మునుపటి కోట కాదు. పైగా వానకాలం దగ్గరపడింది. కృష్ణానది పొంగితే గోల్కొండకు తిరిగి పోయే దారి మూసుకుపోతుంది. సుల్తాను ముట్టడి ఎత్తివేసి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక వెంకటపతిరాయలు గండికోటను కూడా తిరిగి రాబట్టుకున్నాడు. పెనుకొండను కాపాడినందుకు జగదేవరాయలకు బారామహల్ ప్రాంతం లభించింది. తరువాతి కాలంలో చన్నపట్న పాలకులుగా ప్రసిద్ధికెక్కినది ఆయన వంశమే.

ఈ సంఘటనను భాగాలుగా విడదీసి చూద్దాం. వెంకటపతిరాయలకు ఆ రోజున తక్షణ బలం లేదు. ఉన్నదల్లా సమాచారం. జగదేవరాయలు దారిలో ఉన్నాడని తెలుసు. కృష్ణ ఎప్పుడు పొంగుతుందో తెలుసు. సుల్తాను ఎంతకాలం దూరదేశంలో నిలవలేడో తెలుసు. ఆయన సంప్రదింపులతో కోరుకున్నది సంధి షరతులు కాదు, రోజులు. ఆ రోజులను బలంగా మార్చుకోవడానికి కావలసిన ధాన్యం, మనుషులు, సామంతుల విధేయత ఆయనకు దగ్గరలోనే ఉన్నాయి. ఈ పాఠంలో అనుభవానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

మరి ఇది మోసం కాదా? మీలో కొందరికి ఈ ప్రశ్న రావాలి. సంధి పేరు చెప్పి కోటను నింపుకోవడం మాట తప్పడమే అని గోల్కొండవారు భావించి ఉంటారు. అలాంటి ఎత్తు ఒక్కసారే పనిచేస్తుంది. మరుసటిసారి అదే రాజు నిజంగా శాంతి కోరినా ఎదుటివాడు సైన్యాన్ని వెనక్కి జరపడు. కాబట్టి ఆ లాభానికి ఒక ధర ఉంది. ఆ ధర చెల్లించదగినదేనా అన్నది మీరు కారణాలతో వాదించవలసిన అంశం.

7. ఆధారాలను ఎలా చదవాలి?

పై వివరాలలో చాలా భాగం పెనుకొండవారు రాసినవి కావని గుర్తుంచుకోండి. ఫెరిస్తా బీజాపూర్ ఆస్థానంలో ఉండి రాశాడు. పెనుకొండ ముట్టడి వివరాలు గోల్కొండ ఆస్థాన చరిత్రలోనివి. తమ సుల్తాను ముట్టడి ఎత్తివేయడానికి కారణం చెప్పవలసి వచ్చినప్పుడు, శత్రువు సంధి పేరుతో వంచించాడనీ, వానలు ముంచుకొచ్చాయనీ చెప్పడం ఆస్థాన రచయితకు అనుకూలమైన మార్గం. 30,000 అనే సంఖ్య కూడా ఓటమిని చిన్నది చేసి చూపడానికి పెంచినదై ఉండవచ్చు.

మరోవైపు 'రామరాజీయము' వంటి తెలుగు కావ్యాలు ఆరవీటి రాజుల ఘనతను కీర్తించడానికి పుట్టినవి. వాటిలో రాజులు ఎప్పుడూ గెలుస్తారు. పరాయి వర్తకుడైన ఫ్రెడరిక్‌కు ఏ పక్షమూ లేదనుకోవచ్చు కాని, అతని చుట్టూ ఉన్నది సొమ్ము రాని వర్తకుల లోకం. ముగ్గురూ ఒకే విషయాన్ని ఒప్పుకున్నచోట, లేదా ఒకరు తమ పక్షానికి నష్టం కలిగే సంగతి చెప్పినచోట మన నమ్మకం పెరుగుతుంది. సుల్తాను పెనుకొండను తీసుకోకుండానే తిరిగి వెళ్ళాడన్నది గోల్కొండ చరిత్రే ఒప్పుకున్న మాట. కాబట్టి దానిని నమ్మవచ్చు.

8. ఇల్లు చీలినప్పుడు: మూడవ శ్రీరంగరాయలు

వెంకటపతిరాయలు తన రాజధానిని చంద్రగిరికి, తరువాత వేలూరుకు మార్చాడు. 1614లో ఆయన మరణించగానే వారసత్వ యుద్ధం చెలరేగింది. ఆ గాయం మానలేదు. 1642లో రాజైన మూడవ శ్రీరంగరాయలు ధైర్యం లేనివాడు కాడు. యుద్ధాలలో స్వయంగా నిలిచాడు. కాని రాజు కాకముందు సొంత పినతండ్రిపైనే బీజాపూర్ సహాయం తెచ్చుకున్నవాడు. ఆయన రాజైన తరువాత మదురై, తంజావూరు, జింజీ నాయకులు ఆయనను నమ్మలేదు, ఆయన వారిని నమ్మలేదు. బీజాపూర్, గోల్కొండలు ఒక ఒప్పందానికి వచ్చి కర్ణాటకాన్ని పంచుకోవడం మొదలుపెట్టాయి. దిక్కుతోచక మొఘల్ చక్రవర్తి వైపు చూసినా ఫలితం లేకపోయింది. పెనుకొండ కూడా 17వ శతాబ్దం మధ్యకాలంలో బీజాపూర్ వశమైంది.

కోట అదే, కొండ అదే, గోడలూ అవే. 1576లోనూ, 1580ల చివరలోనూ పెనుకొండ నిలవడానికి బయటినుంచి వచ్చే సామంతుడు ఒకడు ఉన్నాడు. ఈసారి రాలేదు. ఇంట్లో ఐకమత్యం లేని రాజు రాయబారం నడిపితే, ఎదుటివాడు ఆ రాయబారి మాటలకంటె అతని వెనుక ఎవరు లేరన్నదే లెక్క చూసుకుంటాడు.

9. ఆధునిక కాలానికి అన్వయం

ఈ సూత్రాలు రాచరిక కాలానికే పరిమితమా? కొన్ని ఉదాహరణలు చూడండి.

1938 సెప్టెంబరులో మ్యూనిక్‌లో హిట్లర్‌తో ఒప్పందం చేసుకున్న బ్రిటిష్ ప్రధాని నెవిల్ చాంబర్లేన్ ఎన్నో ఏళ్ళు మంత్రిగా పనిచేసిన అనుభవజ్ఞుడు. కాని ఎదుటివాడు కోరేది సరిహద్దు సవరణ కాదని ఆయన గుర్తించలేకపోయాడు. ఆరు నెలలు తిరగకుండానే 1939 మార్చిలో హిట్లర్ ప్రాగ్‌లో ప్రవేశించాడు. 1961లో వియన్నాలో సోవియట్ నేత క్రుశ్చేవ్‌ను కలిసినప్పుడు అమెరికా అధ్యక్షుడు కెనడీ పదవికి కొత్త. ఆ సమావేశం తనకు బాగా జరగలేదని ఆయనే అనుకున్నాడు. మరుసటి ఏడాది క్యూబా సంక్షోభంలో అదే కెనడీ నౌకాదళంతో క్యూబాను దిగ్బంధించి, మరోవైపు టర్కీలోని తన క్షిపణులను తొలగిస్తానని రహస్యంగా మాట ఇచ్చాడు. ఎదుటివాడు పరువు పోకుండా వెనక్కి తగ్గడానికి ఒక దారి వదిలాడు. రామరాయలు హుసేన్ నిజాం షాకు వదలనిది ఆ దారినే.

మన తెలుగువారిలో పి.వి. నరసింహారావును తీసుకోండి. 1991లో ప్రధాని అయ్యేనాటికి ఆయన రెండుసార్లు విదేశాంగ మంత్రిగా పనిచేశారు. కాని పార్లమెంటులో పూర్తి మెజారిటీ లేదు, విదేశీ మారక నిల్వలు అడుగంటాయి. చైనాతో సరిహద్దు వివాదాన్ని ఒక్క సంతకంతో తేల్చగల బలం ఆనాడు భారతదేశానికి లేదు. 1993 సెప్టెంబరులో బీజింగ్‌లో కుదిరిన ఒప్పందం ఆ వివాదాన్ని తేల్చలేదు. వాస్తవాధీన రేఖ వెంబడి బలప్రయోగం చేయకుండా, శాంతిని కాపాడాలని రెండు దేశాలూ అంగీకరించాయి. ఇదీ ఒక విధంగా కాలాన్ని సంపాదించడమే. అయితే వెంకటపతిరాయల విరామంలా కాక, ఇది రెండు పక్షాలూ తెలిసి ఒప్పుకున్నది. 2020లో గల్వాన్ లోయలో ప్రాణనష్టం జరిగినప్పుడు, సంపాదించిన కాలం ఎప్పటికీ ఉండదన్న సంగతి కూడా తేలింది. కాలాన్ని సంపాదించిన తరువాత దానిని దేనికి వాడుకున్నామన్నది తరువాతి నాయకులు జవాబు చెప్పవలసిన ప్రశ్న.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
(అ) పెనుకొండ ముట్టడిని గోల్కొండ సుల్తాను ఎత్తివేయడానికి గల కారణాలు ఏవి?
(ఆ) ఆస్థాన చరిత్రలలోని సంఖ్యలను ఎందుకు జాగ్రత్తగా పరిశీలించాలి?

10. సారాంశం

శత్రు రాజ్యంతో మాట్లాడే నాయకుడికి అనుభవం, బలం అవసరమేనా అన్న ప్రశ్నకు పెనుకొండ చరిత్ర ఇచ్చే జవాబు: అవసరమే, కాని అవి మాత్రమే చాలవు. బలం లేకపోతే సంప్రదింపులు విన్నపాలుగా మిగులుతాయి. అయితే బలాన్ని ఎదుటివారందరికీ ఒకే రకమైన అవమానంగా పంచితే, అది వారినందరినీ ఒకటి చేస్తుంది. అనుభవం లేకపోతే ఎదుటివాడి ఉద్దేశం అర్థం కాదు. అయితే గెలిచిన అనుభవం మాత్రమే ఉన్నవాడు మారిన పరిస్థితిని ఆలస్యంగా గుర్తిస్తాడు. రామరాయలకు రెండూ ఉన్నాయి, హద్దు తెలియలేదు. తిరుమలరాయలు, శ్రీరంగరాయలు, వెంకటపతిరాయలు తమ హద్దు తెలిసి, ఉన్న కొద్ది బలానికి కాలాన్ని, మిత్రులను, ఋతువును తోడు చేసుకున్నారు. మూడవ శ్రీరంగరాయల నాటికి ఇంటి ఐకమత్యమే పోయింది కనుక ధైర్యం కూడా ఆదుకోలేదు.

కాబట్టి ఒక నాయకుడిని అంచనా వేసేటప్పుడు "ఎన్నేళ్ళ అనుభవం ఉంది? ఎంత గట్టివాడు?" అన్న రెండు ప్రశ్నలతో ఆగకండి. మరో మూడు ప్రశ్నలు చేర్చండి. ఎంతకాలం వేచి ఉండగలడు? ఎదుటివాడికి వెనక్కి తగ్గే దారి వదులుతున్నాడా? ఇంట్లో ఎవరెవరు అతని వెంట ఉన్నారు?

ముఖ్య పదాలు

అళియ: అల్లుడు (కన్నడ పదం).
ముట్టడి: కోటను చుట్టుముట్టి రాకపోకలు ఆపివేయడం.
సామంతుడు: చక్రవర్తి అధికారాన్ని ఒప్పుకుని తన సీమను పాలించే నాయకుడు.
జలసూత్రం: నీటిని మళ్ళించి పారించే నిర్మాణ విద్య.
వాస్తవాధీన రేఖ: రెండు దేశాల సైన్యాల అధీనంలోని ప్రాంతాలను వేరుచేసే రేఖ, ఇది అంగీకరించిన సరిహద్దు కాదు.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. "రామరాయల ఓటమికి కారణం ఆయన బలహీనత కాదు, ఆయన బలమే." చర్చించండి.
2. 1565 తరువాత పెనుకొండ కేంద్రంగా సాగిన దౌత్యాన్ని వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1576 ముట్టడి సమయంలో శ్రీరంగరాయలు చంద్రగిరికి వెళ్ళడాన్ని మీరు సమర్థిస్తారా? కారణాలు తెలపండి.
2. వెంకటపతిరాయలు సంధి విరామాన్ని వాడుకున్న తీరు న్యాయమైనదేనా?
3. మీ ప్రాంతంలోని ఒక పాత కోటను గాని, చెరువును గాని పరిశీలించి, ముట్టడి కాలంలో అది ఎలా ఉపయోగపడి ఉండవచ్చో రాయండి.